నమిలిందా, మింగిందా?

మా పెదనాన్న విషం లేని మొక్కను మొక్కగా లెక్కపెట్టడు. ఎవరైనా గులాబీని చూపించి "ఎంత బావుందో!" అన్నారనుకోండి, "బావుంటే బావుంది. తింటే ఏమవుతుంది?" అని అడుగుతాడు. ఏమీ కాదని తేలితే ఆ పువ్వు మీదా, చూపించిన మనిషి మీదా ఆయనకి ఒకేసారి గౌరవం పోతుంది. "ఉత్త సాత్వికం" అని మొహం తిప్పుకుంటాడు.

నేను ఆ ఇంటికి ఎలా చేరానో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కాలేజీ రెండో ఏడాదిలో మానేశాను. నచ్చలేదు, అంతే. మా నాన్న నాలుగు రోజులు అరిచి, ఐదో రోజు "అన్నయ్య దగ్గరుంటే క్రమశిక్షణ వస్తుంది" అని బస్సెక్కించాడు. అన్నయ్య ఏం పెంచుతున్నాడో ఆయన పదేళ్లుగా వచ్చి చూడలేదు. చూసుంటే పంపేవాడు కాదు. లేదా తెలిసే పంపాడేమో, చెప్పలేను.

మొదటి రోజే పెదనాన్న నన్ను తోటంతా తిప్పాడు. మొక్కల పేర్లు చెప్పలేదు. ఆయన మొక్కల్ని అవి చెడగొట్టే అవయవాలతో పిలుస్తాడు. గన్నేరు గుండె. సైకస్ కాలేయం. ఉమ్మెత్త బుర్ర. లిల్లీ కిడ్నీలు. మచ్చల ఆకుల డైఫెన్‌బేకియా నాలుక.

"అలా గుండెకి ఆనుకుని నిలబడకురా. కాలేయం వైపు జరుగు. మెల్లిగా, వెనక నాలుకుంది, తొక్కుతావు."

ఆ ఇంట్లో ఈ భాషకి అందరూ అలవాటు పడిపోయారు. వంటింట్లోంచి పెద్దమ్మ "ఏమండీ, గుండెకి నీళ్లు పోశారా?" అని కేకేస్తుంది. "పోశాను. కిడ్నీలు రెండూ ఎండలో పెట్టాను, సాయంత్రం లోపలికి తీసుకురా" అని ఈయన అరుస్తాడు. ఒకసారి సరిగ్గా ఆ మాటకే కొరియర్ అబ్బాయి గేటు తట్టాడు. పార్సిల్ గేటు మీద పెట్టి, సంతకం కూడా అడక్కుండా వెళ్లిపోయాడు. తర్వాత మా వీధికి వేరే అబ్బాయి రావడం మొదలుపెట్టాడు.

తోట కట్టుదిట్టం చూస్తే మాత్రం ఎవరికైనా నవ్వొస్తుంది. గేటుకి రెండు గొళ్లేలు. గోడ మీద ఇనుప జాలీ, అదీ నిటారుగా కాదు, వీధి వైపుకి వంచి కట్టాడు, పిల్లి ఎక్కినా మళ్లీ వీధిలోకే జారిపడేలా. లోపల ఒక్కో కుండీ చుట్టూ మళ్లీ ఒక జాలీ పెట్టె, దానికో బుల్లి తాళం. తాళంచెవుల గుత్తి పెదనాన్న నడుముకి గలగలమంటూ ఉండేది. వీధిలో వాళ్లు "జైలర్" అనేవాళ్లు. వీధి సంఘం ప్రెసిడెంటు అయిన బేకరీ ఆయన ఒకడుగు ముందుకేసి, "ఏం కాంపౌండర్‌గారూ, ఇవాళ ఖైదీలెవరినైనా విడుదల చేస్తున్నారా?" అని రోజూ అడిగేవాడు. పెదనాన్న రోజూ "శిక్ష పూర్తవ్వలేదండీ" అనేవాడు.

కాంపౌండర్ అంటే మనుషులకి కాదు. ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో చేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం ఆయనకి ఒకే ఒక్క వాక్యం మిగిల్చింది: "నమిలిందా, మింగిందా?" ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చే వాళ్లని మొట్టమొదట అడగాల్సిన ప్రశ్నట అది. నమిలితే నోటితో పోతుంది, మింగితే లోపలి సంగతి. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ ప్రశ్న రిటైరవ్వలేదు. వాషింగ్ మెషీన్‌లో నా చొక్కా ఇరుక్కుందని పెద్దమ్మ అరిస్తే, పేపరు చాటునుంచి "నమిలిందా, మింగిందా?" అని వినిపించేది.

ఒకరోజు నేను విసుగ్గా ఇంటికొచ్చి "ఏటీఎం మెషీను నా కార్డు లాగేసుకుంది" అన్నాను.

"నమిలిందా, మింగిందా?"

"మింగింది."

"అయితే ఇవాళ రాదు. రేపు పొద్దున్నే వెళ్లు."

నిజంగానే మర్నాడు పొద్దున ఇచ్చారు.

ఇది చాలదన్నట్టు ఇంకో తంతు ఉంది. పెరట్లో రెండు రోళ్లు ఉండేవి. ఒకటి పెద్దమ్మది. రెండోదానికి ఎర్ర రంగు పూసి ఉంటుంది, అది విషాలది. పెదనాన్న రోజుకో ఆకు కోసి, ఆ ఎర్ర రోట్లో వేసి, మెత్తగా కాదు, అరకొరగా, కుక్క నమిలినట్టు దంచుతాడు. ఆ ముక్కల్ని వెనిగర్ కలిపిన నీళ్లలో వేసి సీసాలకెత్తి, బాత్రూం అలమారలో వరసగా పెడతాడు. "గుండె, లేత, గంట." "గుండె, ముదురు, మూడు గంటలు." "నాలుక, కాడతో." నేను వచ్చిన కొత్తలో షాంపూ అనుకుని ఒకదాని మూత తీశాను. ఆ వాసనకి షాంపూ మీదే ఆశ చచ్చిపోయింది.

"ఇవన్నీ ఎందుకు పెదనాన్నా?"

"పోలికకి."

"దేనితో పోలిక?"

"దేనితో పోల్చాలో దానితో."

పెద్దమ్మని అడిగితే, "నన్నడగకు. పెళ్లయినప్పట్నుంచీ నేనొక మందారం పెట్టుకుంటానంటే, అది తిని ఎవరూ పోరు కదా, దేనికీ అంటాడు ఆ మనిషి. చివరికి మేడ మీద దాచి పెంచుకుంటున్నా. నలుగురు ఆడవాళ్లు మొగుడికి తెలియకుండా నగలు దాచుకుంటారు, నేను పూలు దాచుకున్నా" అంది.

ఇంతకీ అసలు గొడవ పక్కింటి హెడ్‌మిస్ట్రెస్‌గారి పిల్లి వల్ల వచ్చింది.

ఆవిడ రిటైరై మూడు నెలలైంది. ఆవిడ వీధిలో నడుస్తుంటే పెద్దపెద్దవాళ్లు కూడా చొక్కా గుండీలు సరిచూసుకునేవాళ్లు. బేకరీ ఆయన ఆవిడ దగ్గరే చదువుకున్నాడు, ఆవిడ కొట్టుకొస్తే ఇప్పటికీ నిలబడే కేకు తూస్తాడు. ఆవిడ గదిలోకొస్తే లేచి నిలబడని ప్రాణి ఆ వీధిలో ఒక్కటే, ఆవిడ పిల్లి. తెల్లగా, బొద్దుగా, ఎవర్నీ లెక్కచెయ్యకుండా ఉండేది. అందుకే వీధంతా దాన్ని దొరసాని అనేవాళ్లం.

ఒక బుధవారం మధ్యాహ్నం గోడ అవతల నుంచి "కాంపౌండర్‌గారూ!" అని కేక. హెడ్‌మిస్ట్రెస్‌గారి గొంతు వణకడం నేను విన్నది ఆ ఒక్కసారే. పెదనాన్న అన్నం ముందునుంచి లేచి పరిగెత్తాడు. వెనకే నేను. దొరసాని ముందుగదిలో గచ్చు మీద పక్కకి వాలిపోయి ఉంది. చుట్టూ రెండుమూడు చోట్ల కక్కింది.

"మీ గోడ మీద కూర్చునుండగా పొద్దున చూశాను" అన్నారావిడ. "మీ తోటలోంచి ఏదో తినొచ్చింది."

పెదనాన్న మోకాళ్ల మీద కూర్చుని అడగాల్సింది అడిగాడు. కానీ ఈసారి ఆవిడని కాదు, పిల్లిని.

"నమిలావా తల్లీ, మింగావా?"

తర్వాత ఆయన చేసిన పని చూసి నేను గోడ వైపు తిరిగాను. కక్కినదాన్ని చెంచాతో తెల్ల పింగాణీ ప్లేటులోకెత్తి, మూత పెట్టి, "ఆటో పిలవరా" అన్నాడు. పోతూపోతూ ఇంటికెళ్లి బాత్రూంలోంచి నాలుగు సీసాలు జేబుల్లో కుక్కుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలా చిన్నది, నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో. పిల్లిని బల్ల మీద పడుకోబెట్టి, పెదనాన్నని చూడగానే ఊపిరి పీల్చుకుంది. "అంకుల్, మీరొచ్చారా, త్వరగా చూడండి." పెదనాన్న కిటికీ దగ్గర ప్లేటు పెట్టి, అగ్గిపుల్లతో కెలికాడు. ఒక సన్నటి ఆకుపచ్చ ముక్క, బొటనవేలి గోరంత, పైకి తేలింది. దాన్ని ఒక్కో సీసా పక్కన పెట్టి చూశాడు. మూడో సీసా దగ్గర ఆగాడు. తర్వాత పిల్లి మీసాల్ని వెలుతురుకి తిప్పి చూశాడు. ఇటుక రంగు పొడి కొంచెం అంటుకుని ఉంది.

"ఈనెలు పొడుగునా పారాయి. మీసాలకి పుప్పొడి. లిల్లీ. కిడ్నీలు. ఆకు మెత్తబడినదాన్ని బట్టి మూడు గంటలు దాటలేదు. సెలైన్ ఎక్కించెయ్ అమ్మా."

డాక్టరమ్మ వెంటనే పని మొదలుపెట్టింది. చేతులు ఆడిస్తూనే నాతో అంది: "ఏ ఆకో తెలియకపోతే గుండె కాపాడాలా, కిడ్నీ కాపాడాలా అని చూస్తూనే సగం రోజు పోతుంది. ఈయన సీసాలు మాకు ఇక్కడ ఒక బీరువా నిండా ఉన్నాయి. ఆరు నెలలకోసారి పాతవి తీసి కొత్తవి పెట్టిపోతారు. మీకు తెలీదా?"

తెలీదు. ఇంట్లో పోలిక పోలిక అంటుంటే పిచ్చి అనుకున్నాను. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక కుక్క ఆయన చేతుల్లోనే పోయిందట. అది తిన్న ఆకు పేరు మర్నాడు తెలిసిందట. అదీ ఆ డాక్టరమ్మే చెప్పింది.

హెడ్‌మిస్ట్రెస్‌గారు గుమ్మం దగ్గర చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు. "లిల్లీనా?" అన్నారు.

"అవును మేడమ్."

"మీ తోటలోదేనా?"

పెదనాన్న ఆవిడ మొహంలోకి చూశాడు. కాసేపు చూశాడు. "నాదే" అన్నాడు. "ఆకు జాలీలోంచి బయటికి పెరిగింది. చూసుకోలేదు. తప్పు నాదే."

నా నోరు తెరుచుకుపోయింది. ఎందుకంటే మా లిల్లీకి ఆకే లేదు. పోయిన నెల వాడిపోతే నేనే కోసేశాను. దుంప మట్టిలో నిద్రపోతోంది. అదే హెడ్‌మిస్ట్రెస్‌గారి ముందుగది కిటికీలో ఒక లిల్లీ కుండీ, మూడు పూలతో, అరగంట కిందటే చూశాను. ఈయనా చూశాడు.

వరండాలోకి లాక్కొచ్చి అడిగాను. "మన దుంప నిద్రలో ఉంది కదా! ఆవిడింట్లో కుండీ..."

"నోర్ముయ్. మెల్లిగా మాట్లాడు."

"నిజం చెబితే ఏం పోతుంది?"

"ఆ కుండీ ఎవరిచ్చారో తెలుసా? ఆవిడ రిటైరైన రోజు ఆఖరి క్లాసు పిల్లలు. రోజూ దాని ఆకులు గుడ్డతో తుడుస్తుందిరా ఆవిడ. ఇప్పుడా పిల్లి బతకొచ్చు, బతక్కపోవచ్చు. మూడు రోజులు పోతే గానీ తెలీదు. పోయిందనుకో, నా చేత్తో నీళ్లు పోసిందే దాన్ని చంపిందని ఆవిడ ఆ ఇంట్లో ఎలా కూర్చుంటుంది? అదే నన్ననుకో, ఎలాగూ వీధి మొత్తం తిట్టేదే. ఇంకో నాలుగు తిట్లకి బరువెక్కుతానా?"

"తోట పీకించేస్తారు పెదనాన్నా."

ఆయన గోళ్లలోని మట్టి చూసుకున్నాడు. "పీకిస్తే పీకిస్తారు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన చేసిన రెండో పని ఇంకా ఘోరం. ఆ కుండీ అక్కడుంటే పిల్లి తిరిగొచ్చినా మళ్లీ అదే కథ కదా. అందుకని ఆవిడ గుమ్మంలో నిలబడి, "మేడమ్, నా తోటకి పురుగు పట్టింది. గాలికి మీ లిల్లీకి కూడా అంటుకునుంటుంది. మా ఇంట్లో పెట్టి మందు కొడతాను" అన్నాడు.

"పిల్లిని చంపబోయింది చాలక పురుగులు కూడా పంపారా?" అన్నారావిడ.

"పంపాను మేడమ్."

"మీ వయసెంత?"

"అరవై మూడు మేడమ్."

"ఆ వయసుకి ఉండాల్సిన బుద్ధేనా ఇది?"

"కాదు మేడమ్."

పది నిమిషాలు వాయించి, కుండీ చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక పెద్దమ్మ ఆ కుండీని చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. "సరే, అన్నం చల్లారిపోయింది. తిట్లతో కడుపు నిండకపోతే వచ్చి తినండి" అంది.

మర్నాటికి వీధంతా పాకింది. బేకరీ ఆయన ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించాడు. ఆదివారం పదింటికి తోట తీసెయ్యాలని తీర్మానం. కాగితం తెచ్చి ఇస్తే పెదనాన్న చదివి, "నమిలి..." అని మొదలుపెట్టి, ఏమనుకున్నాడో, "సరేనండీ" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు నిజం కక్కెయ్యాలని నాలుక దురద. నా సంగతి తెలిసి పెద్దమ్మ ఆ రెండ్రోజులూ నన్ను వీధిలోకి పోనివ్వలేదు.

పెదనాన్న మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రిలోనే. వచ్చాక గోడ ఇవతల నుంచి అవతలికి సమాచారం చెప్పేవాడు. "మేడమ్, ఇవాళ రెండుసార్లు ఒంటికి పోసింది." "మేడమ్, డాక్టరమ్మని గీరింది. మంచి లక్షణం." అవతల నుంచి "ఊఁ" అని మాత్రం వచ్చేది. శనివారం మధ్యాహ్నం దొరసాని బుట్టలో ఇంటికొచ్చింది. ముందుకాలి మీద సూదికోసం బొచ్చు గీసేశారు, అక్కడ మాత్రం కోడిపిల్లలా ఉంది. కిడ్నీలు నిలబడ్డాయి.

అయినా ఆదివారం ఆదివారమే. పదింటికి బేకరీ ఆయన గునపంతో వచ్చాడు. వెనక ఏడెనిమిదిమంది. పెదనాన్న అప్పటికే తాళాలన్నీ తీసి, గుత్తి గేటుకి తగిలించి, పక్కన నిలబడ్డాడు. గన్నేరు దగ్గరకొచ్చి బేకరీ ఆయన గునపం ఎత్తాడు.

అప్పుడు వీధిలో ఒక్క చప్పట వినిపించింది. ఒక్కటే. గునపం గాల్లో ఆగిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్‌గారు, చంకలో పిల్లి.

"అందరూ ఇళ్లకెళ్లి మీ మీ పూలకుండీలు పట్టుకురండి."

"ఎందుకు మేడమ్?" అన్నాడు బేకరీ ఆయన.

"పట్టుకురమ్మన్నాను. ఎందుకని అడగమన్నానా?"

వెళ్లారు. పావుగంటలో మా గేటు ముందు వరస. ఎవరూ చెప్పకుండానే ఎత్తుల వారీగా నిలబడ్డారు. ఆవిడ పెదనాన్న వైపు తిరిగి, "చూసి చెప్పండి" అన్నారు.

పెదనాన్న అయోమయంగానే మొదలుపెట్టాడు. రెండో కుండీకొచ్చేసరికి ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. "ఇది మనీప్లాంట్. నాలుక, నోరు. ఇది కలబంద. మీకు మందు, కుక్కకి కడుపు. ఇది ఎడారి గులాబీ. ఆహా, గుండె! ఎంత బాగా పెంచారండీ!" తొమ్మిది కుండీల్లో ఏడు విషం. చివర బేకరీ ఆయన, బావమరిది సాయం పట్టి తెచ్చిన పెద్ద సైకస్.

"కాలేయం. దీని గింజలు రెండు చాలు, మీ కుక్క మీకుండదు."

బేకరీ ఆయన మొహం పాలిపోయింది. "ఏడేళ్లుగా దాని నీడలోనే పడుకుంటుందండీ మావాడు!"

"నమిలాడా, మింగాడా?"

"ఇంకా లేదండీ!"

"అదృష్టవంతుడు."

హెడ్‌మిస్ట్రెస్‌గారు అందరికీ వినపడేలా అన్నారు: "నా పిల్లి తిన్నది నా కిటికీలో నేను పెంచిన లిల్లీ. ఈయన తోటలోది కాదు."

"మరి ఆయనే ఒప్పుకున్నాడు కదా మేడమ్?"

"ఒప్పుకుంటే చేసినట్టేనా? ముప్పై ఏళ్లు క్లాసులో చూశాను. ముందు చెయ్యెత్తి ఒప్పుకున్నవాడు ఒక్కడైనా చేసినవాడు కాదు. నువ్వు పగలగొట్టిన అద్దానికి ఎవరు చెయ్యెత్తారో గుర్తుందా?"

బేకరీ ఆయన తల వంచుకున్నాడు. తర్వాత అదే గునపంతో మధ్యాహ్నం దాకా మా తోటలో కొత్త జాలీకి గుంతలు తవ్వాడు. కుక్కలూ పిల్లులూ ఉన్నవాళ్లు ఆ ఏడు కుండీలూ సైకసూ ఇంకెక్కడ పెట్టుకుంటారు? అన్నీ మా ఇంటికే వచ్చాయి. పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "తోట పీకుతారంటే కాస్త బట్టలారేసుకునే చోటు దొరుకుతుందనుకున్నాను" అంది.

అందరూ వెళ్లాక హెడ్‌మిస్ట్రెస్‌గారు గోడ దగ్గరే ఉండిపోయారు. పెదనాన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"మీకెప్పుడు తెలిసింది మేడమ్?"

"ఆసుపత్రిలోనే. మీ తోటలోదేనా అని అడిగితే మీరు జవాబు కోసం నా మొహంలో వెతికారు. నిజం చెప్పే పిల్లాడికి నా మొహంతో పనుండదు. పిల్లి ఇంటికి చేరేదాకా ఆ మాట పైకి అనే ధైర్యం రాలేదు."

"అప్పుడే తెలిస్తే... మరి కుండీ కోసం వస్తే పది నిమిషాలు ఎందుకు తిట్టారు?"

ఆవిడ పిల్లి చెవి వెనక గోకారు. "అవి నన్ను నేను తిట్టుకోవాల్సినవి. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని ఆ పని మొదలుపెట్టబోతుంటే మీరు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. చేతికందారు కదా అని..."

"పర్లేదు మేడమ్."

"పైగా మీరు పురుగులూ గాలీ అని చెమటలు కక్కుతూ అంత కష్టపడి అబద్ధం ఆడుతున్నారు. మధ్యలో ఆపితే ఏం మర్యాదగా ఉంటుంది?"